వెతికిన కూలి

మొన్న ఆదివారం రాజోలులో మా అక్కావాళ్ళింట్లో భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని ఉండగా బావ ఒక మాట అన్నాడు. వాళ్ళ కారులో ఏసీ చల్లదనం తగ్గిందని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాడట. అతను ముప్పావు గంట సేపు అక్కడా ఇక్కడా చూసి, మీటరు పెట్టి, ఫ్యాను వైరు ఒకటి వదులైందని తేల్చి, బిగించి, ఆరొందలు తీసుకున్నాడట. "ఒక్క సామానన్నా మార్చలేదురా! ఊరికే చూసినందుకు ఆరొందలు లాగేశాడు" అన్నాడు. అక్కడున్న నలుగురూ అవునవునని తలూపారు. ఒకాయనైతే అలాంటి షెడ్డు గుమ్మం మళ్ళీ తొక్కకూడదన్నాడు.

ఏడాది క్రితమైతే నేనూ తలూపేవాణ్ణే. ఈసారి ఊపలేకపోయాను. బావతో అక్కడే కొంత వాదించాను, తెగలేదు. ఇంటికొచ్చాక కూడా అదే మనసులో నలుగుతుంటే ఇలా రాయడానికి కూర్చున్నాను. నేను చెప్పేది ఒకటే. బండిలో తప్పెక్కడుందో వెతికిన పనికి మనం కూలి ఇవ్వం. మార్చిన సామానుకైతే అడిగినంతా ఇస్తాం. అందుకే మన బండ్లలో చెడిపోయిన సామాను అలాగే ఉండి, చేతికందిన సామాను మారుతోంది. నాకీ సంగతి తెలియడానికి నాలుగు నెలలు పట్టింది, పదకొండు వేల అయిదొందలు పోయాయి.

పంటు దిగని కారు

మాది మలికిపురం వైపు. మా అత్తగారిది నరసాపురం. చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళొచ్చు గానీ, గోదావరి నిమ్మళంగా ఉన్న రోజుల్లో సఖినేటిపల్లి రేవులో కారును పంటు, అంటే బండ్లను ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కించడమే మాకు అలవాటు. ఇంజన్ ఆపేసి, కారు దిగి, గాలికి నిలబడితే పావుగంటలో అవతలి రేవు వచ్చేస్తుంది.

ఆ రోజు అవతలి రేవు వచ్చింది, బండి మాత్రం స్టార్ట్ కాలేదు. తాళం తిప్పితే ఇంజన్ గిరగిరా తిరుగుతోంది, అందుకోవడం లేదు. వెనక రెండు ఆటోలు, కొబ్బరికాయల వ్యాను, పది పన్నెండు మోటారు సైకిళ్ళు. అందరూ నా వల్ల ఆగిపోయారు. చెమటలు పట్టేశాయి. మా ఆవిడ బాబును ఎత్తుకుని దిగి ఒడ్డున నిలబడింది. అప్పుడు ఆటోలోంచి ఒకాయన దిగొచ్చి, కిటికీ దగ్గర వంగి వాసన చూసి, "పెట్రోలు కొట్టేస్తుందండి బాబూ, ఎక్కువ పడిపోయింది. యాక్సిలేటరు కింద దాకా తొక్కి పట్టుకుని తిప్పండి. మధ్యలో వదలకండి" అన్నాడు. అలాగే చేశాను. నాలుగు తిప్పులకి దగ్గుతూ అందుకుంది. వెనక నుంచి గుప్పున నల్ల పొగ.

ఆయన ఆ కిటుకు ఎక్కడ నేర్చుకున్నాడో గానీ, కంప్యూటరు లెక్క ప్రకారం ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ బండ్లలో చాలావాటికి అది నిజంగానే పనిచేస్తుంది. స్టార్ట్ చేసేటప్పుడు యాక్సిలేటరు పూర్తిగా తొక్కి ఉంటే, ఇంజన్‌లో పెట్రోలు మునిగిందనుకుని కంప్యూటరు పెట్రోలు కట్ చేసి గాలి మాత్రమే పంపిస్తుంది. అంటే నా బండి జబ్బేమిటో ఆ పెద్దమనిషి ఆ రేవులోనే సగం చెప్పేశాడు. ఇంజన్ వేడిగా ఉండగా పెట్రోలు అతిగా పడుతోంది. ఆ ముక్క నేను ఏ మెకానిక్‌కీ సరిగ్గా చెప్పలేదు. "బండి స్టార్ట్ అవట్లేదండి" అన్నానంతే.

ఇంకొకటి కూడా చెప్పలేదు. పంటు దిగి ఒడ్డెక్కుతుంటే డాష్‌బోర్డు మీద నీలం దీపం వెలుగుతోంది. నా కారులో వేడి చూపించే ముల్లు లేదు. ఇంజన్ ఇంకా చల్లగా ఉంటే నీలం దీపం, మరీ వేడెక్కితే ఎర్ర దీపం, అంతే. పొద్దున్నే బండి తీసినప్పుడు నీలం వెలిగి, రెండు మూడు కిలోమీటర్లు పోయాక ఆరిపోతుంది. మలికిపురం నుంచి నడిపి తెచ్చిన బండి పావుగంట ఆగితే చల్లబడిపోదు కదా! చూశాను, ఏదో దీపంలే అనుకుని వదిలేశాను.

చేతికందినవి

మొదట వెళ్ళింది ఒక పెద్ద గ్యారేజీకి. పేరు అనవసరం. ప్లగ్గులు విప్పి చూపించారు, కాటుక పట్టినట్టు నల్లగా ఉన్నాయి. "ఇదిగోండి, ఇదీ సంగతి" అన్నారు. కొత్త ప్లగ్గులు 900. రెండు వారాలు బండి పువ్వులా నడిచింది. తరవాత మళ్ళీ మామూలే. ఇంజన్‌లోకి గాలి పోయే దారిలో ఉండే థ్రాటిల్ బాడీ కడిగారు, 800. అది పది రోజులు. ఆపైన బ్యాటరీ బలహీనంగా ఉందన్నారు, 4,600. స్టార్ట్ కాని బండిని పదేపదే తిప్పితే ఏ బ్యాటరీ అయినా నీరసిస్తుంది మరి. చివరికి పెట్రోలు పంపు, 5,200. ఈలోగా లీటరుకు 17 ఇచ్చే బండి 13కి దిగింది.

వాళ్ళు మోసం చేశారని నేననను. ప్లగ్గులు నిజంగానే నల్లబడ్డాయి, బ్యాటరీ నిజంగానే దిగిపోయింది. మార్చినప్పుడల్లా కొన్నాళ్ళు గుణం కనిపించింది కూడా. అసలు ఇబ్బంది ఆ గుణంతోనే వచ్చింది. మసి పట్టిన ప్లగ్గు తీసి కొత్తది వేస్తే, మళ్ళీ మసి పట్టే దాకా బాగానే ఉంటుంది. అంతమాత్రాన ప్లగ్గే తప్పని రుజువైపోయినట్టు మేమందరం అనుకున్నాం. అంత పెట్రోలు ఎందుకు పడుతోందని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఇప్పుడు ఆ బిల్లులు పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఒకటి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బానెట్ ఎత్తగానే ప్లగ్గులు పైనే ఉన్నాయి. థ్రాటిల్ బాడీ పైనే. బ్యాటరీ ఇంకా పైన. పంపు వెనక సీటు ఎత్తితే వస్తుంది. నాలుగూ చెయ్యి సుళువుగా వెళ్ళే చోట్లే. అసలు తప్పున్నది మాత్రం ఇంజన్ పైభాగమైన హెడ్ చివర, గేర్‌బాక్సు పైన, బ్యాటరీ ట్రే కింద, హీటరు హోసులు పోయే ఇరుకు సందులో. అక్కడ బొటనవేలంత ఇత్తడి ముక్క ఒకటుంటుంది. ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, ఎంత వేడిగా ఉందో కంప్యూటరుకు చెప్పే సెన్సర్ అది. దాన్ని పైనుంచి చూడలేం. మోచేయి దాకా దూర్చితే వేలి కొసకి తగులుతుంది.

బండి కంప్యూటరు చెప్పేది చదివే స్కానర్ పెట్టలేదా అని మీరడగొచ్చు. పెట్టారు. "కోడ్ ఏమీ రాలేదండి, సెన్సర్లన్నీ ఓకే" అన్నారు. కోడంటే ఏదైనా తప్పు పట్టినప్పుడు కంప్యూటరు రాసుకునే గుర్తు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. సెన్సర్ వైరు తెగిపోతే కంప్యూటరుకు మైనస్ 40 డిగ్రీలు కనిపిస్తుంది. మన కోనసీమలో మైనస్ 40 ఏమిటని అది కోడ్ వేస్తుంది. వైర్లు రెండూ కలిసిపోతే 130, 140 అని పైకి పోతుంది, అప్పుడూ కోడే. కానీ ఇంజన్ 88 డిగ్రీలుండగా సెన్సర్ 54 అని చెబితే? 54 అనేది ఏ ఇంజనుకైనా ఏదో ఒక సమయంలో ఉండే వేడే. నా బండి కంప్యూటరు దాన్ని అనుమానించలేదు. ఇంజన్ ఇంకా వేడెక్కలేదనుకుని, చలికి తగ్గట్టు పెట్రోలు పోస్తూ పోయింది. కోడ్ లేదంటే తప్పు లేదని కాదు. స్కానర్‌లో నడుస్తున్న అంకెలు చూసే పేజీ ఒకటుంటుంది, అది ఎవరూ తెరవలేదు.

ఇంకా భయపెట్టే సంగతి మరొకటి. రేడియేటర్ ఫ్యాను ఎప్పుడు తిరగాలో చెప్పేది కూడా ఈ సెన్సరే. 54 అనుకుంటున్న కంప్యూటరు ఫ్యాను వెయ్యదు. మన వేసవిలో ఏసీ లేకుండా కారెవరు నడుపుతారు? ఏసీ వేస్తే దానితో పాటే ఫ్యాను తిరుగుతుంది కాబట్టి ఇంజన్ కాలిపోకుండా బతికింది. ఏసీ ఆపి ఏ రైల్వే గేటు దగ్గరో అరగంట ఇంజన్ ఆన్‌లో ఉంచి ఉంటే హెడ్ కింద అతుకుగా ఉండే గాస్కెట్ పోయినా పోయేది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

"రాత్రికి బండి ఇక్కడే ఉంచండి"

నాలుగో నెలలో, విసిగిపోయి, ఊరి బయట రోడ్డు పక్కనున్న ఒక రేకుల షెడ్డుకి వెళ్ళాను. యాభై దాటిన మనిషి. బానెట్ ఎత్తలేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టి ప్రశ్నలు మొదలుపెట్టాడు. పొద్దున్నే స్టార్ట్ అవుతుందా? అవుతుంది. ఎంతసేపు ఆపితే కావట్లేదు? పది నిమిషాలు, పావుగంట. గంట ఆపితే? అవుతుంది. ఏమన్నా దీపాలు వెలుగుతున్నాయా? అప్పుడు చెప్పాను నీలం దీపం మాట. ఆయన ముఖం మారింది. "రాత్రికి బండి ఇక్కడే ఉంచండి. పొద్దున్న నేను చూసే దాకా ఎవరూ తాళం తిప్పకూడదండి" అన్నాడు.

మర్నాడు ఆరింటికి వెళ్ళాను. స్టీరింగు కింద స్కానర్ గుచ్చి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేశాడు. ఇంజన్‌లోకి పోయే గాలి వేడి 26. కూలెంట్ వేడి 20. ఆ రెండు అంకెలూ నాకు చూపించి, "రాత్రంతా ఆగిన బండండి. లోపల నీళ్ళు బయట గాలికంటే ఆరు డిగ్రీలు చల్లగా ఎలా ఉంటాయి?" అన్నాడు.

ఇంత చిన్న ప్రశ్న! నాలుగు నెలల్లో ఎవరూ వెయ్యని ప్రశ్న. రాత్రంతా కదలకుండా ఉన్న బండిలో గాలి, కూలెంట్ ఇంచుమించు ఒకే వేడికి వచ్చేస్తాయి. రెండింటికీ పొత్తు కుదరకపోతే రెండింట్లో ఒకటి అబద్ధం చెబుతున్నట్టే. దీనికి పానా అక్కర్లేదు. చెయ్యి దూర్చక్కర్లేదు.

తరవాత ఏసీ ఆపి ఇరవై నిమిషాలు ఇంజన్ ఆన్‌లో ఉంచాడు. స్కానర్‌లో 54 దగ్గర ఆగిపోయింది. పిస్తోలులా ఉండే థర్మామీటరు తెచ్చి రేడియేటర్ పై హోసు మీద కొట్టి చూశాడు, 84. మెరిసే అల్యూమినియం మీద దాని లెక్క తప్పుతుందట, అందుకని నల్లటి రబ్బరు మీదే పట్టాడు. అప్పటికి తప్పు ఎటువైపుందో తేలిపోయింది. నేనైతే ఆ క్షణమే సెన్సర్ కొనుక్కురావడానికి లేచాను. ఆయన కూర్చోమన్నాడు. "సెన్సరో, వైరో ఇంకా తేల్లేదండి."

ఇంజన్ చల్లబడేదాకా ఆగి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా, బ్యాటరీ, దాని ట్రే విప్పాడు. బ్యాటరీని స్టూలు మీద పెట్టి జంపర్ కేబుళ్ళతో మళ్ళీ కలిపాడు. ఫోన్ కెమెరా సందులోకి పెట్టి నాకు చూపించాడు. సెన్సర్ నెత్తిన వైర్లు తగిలించే కనెక్టరు, దాని అంచున ఆకుపచ్చగా ఏదో పిండి. చిలుము. ఉప్పు గాలి, వానాకాలం రోడ్ల నీళ్ళు, పైన బ్యాటరీ. రాగి చిలుము పట్టడానికి ఇంకేం కావాలి?

కనెక్టరు ఊడదీయగానే స్కానర్ మైనస్ 40 చూపించింది. అది సరైనదే. ఇప్పుడు చిన్న వైరు ముక్కతో కనెక్టరు రెండు కాళ్ళనీ, అంటే పిన్నుల్నీ, కలిపాడు. పైకి, 130 దాటి పోవాలి. 66 దగ్గర ఆగింది. "చూశారా, సెన్సర్ లేకుండానే 66 అంటోంది" అన్నాడు. చిలుము వైరు దారిలో అడ్డంగా కూర్చుందన్నమాట.

ఈ లెక్క నాకు ఎంతో నచ్చింది కాబట్టి కొంచెం చెబుతాను. ఈ సెన్సర్లలో వేడి పెరిగే కొద్దీ నిరోధం, అంటే కరెంటుకి అడ్డు, తగ్గుతుంది. నా బండి లాంటి చాలావాటిలో 20 డిగ్రీల దగ్గర రెండున్నర వేల ఓమ్‌లు, 90 దగ్గర రెండొందల యాభైకి కాస్త అటూ ఇటూ. ఆ చిలుము అదనంగా ఓ అయిదొందలు కలిపింది. పొద్దున్నే రెండు వేల మీద అయిదొందలు కలిస్తే ఆరు డిగ్రీల తేడా, బండికి పెద్దగా పట్టదు. ఇంజన్ వేడెక్కాక రెండొందల యాభై మీద అయిదొందలు కలిస్తే ముప్పై నాలుగైదు డిగ్రీల తేడా. పొద్దున స్టార్ట్ అయి, పంటు దిగేటప్పుడు కాకపోవడానికి కారణం అదీ.

సెన్సర్ విప్పడానికి ఆయనకి గంటంబావు పట్టింది. 19 నంబరు పొడుగు బాక్స్ పానా హోసులకి తగిలి ఎక్కడం లేదు. సగానికి కోసుకున్న రింగు పానా ఒకటి ఉంది ఆయన దగ్గర, దాన్ని పెట్టి ఒక్కో తిప్పుకీ తీసి మళ్ళీ పెట్టి, చూపు లేకుండా వేళ్ళతోనే. పాతది ఊడగానే ఆ కన్నానికి వేలు అడ్డం పెట్టి, రెండో చేత్తో కొత్తది దించాడు. అయినా చారెడు కూలెంట్ ముంజేతి మీదుగా కారింది. తీసిన సెన్సర్‌ను మరుగుతున్న టీ నీళ్ళ గిన్నెలో దారంతో వేలాడదీసి మీటరు పెడితే అంకె సరిగ్గానే వచ్చింది. "లోపల బాగానే ఉందండి, కాలు పుచ్చిపోయింది" అన్నాడు. నిజమే, రెండు కాళ్ళలో ఒకటి సగానికి తినేసి ఉంది. అందుకని సెన్సర్, కనెక్టరు రెండూ మార్చాం. కొత్త కనెక్టరు వైర్లకి సోల్డరు పెట్టి, గొట్టం తొడిగి, సిలికాన్ గ్రీజు రాశాడు.

కనెక్టరు వదిలేసి సెన్సర్ ఒక్కటే మార్చి ఉంటే? కొత్త కాళ్ళు దిగేటప్పుడు చిలుము కాస్త గీసుకుపోయి, రెండు నెలలు బాగుండేది. ఆ తరవాత మళ్ళీ మొదలయ్యేది. అప్పుడు ఆ సెన్సర్ డూప్లికేటని షాపువాణ్ణి తిట్టుకునేవాళ్ళం.

కూలెంట్ అంతా కొత్తది పోసి, గాలి బుడగలు పోయేదాకా మూత తీసి, హీటరు వేడి వైపు తిప్పి ఇంజన్ ఆన్‌లో ఉంచాడు. పాత కూలెంట్‌ను తొట్టిలో పట్టి మూత పెట్టాడు. అది తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకితే చచ్చిపోతాయి. కాలవలో పారబోసేవాళ్ళు ఈ మాట దయచేసి గుర్తుపెట్టుకోండి.

బిల్లులో లేని గీత

సెన్సర్ 780, కనెక్టరు 220, కూలెంట్ 900, లేబరు 900. మొత్తం 2,800. బిల్లు చూసి అడిగాను, "పొద్దుటి నుంచీ వెతికినదానికి ఏదండీ?" ఆయన కాస్త ఇబ్బందిగా, "దానికేం రాస్తామండి? రాస్తే ఎవరు ఇస్తారు? స్కానర్ పెట్టినందుకు మూడొందలు అడిగితే పక్క షెడ్డుకి పోతారు. అక్కడ ఊరికే పెడతారు" అన్నాడు.

ఊరికే. ఆ మాట దగ్గరే నా వాదనంతా ఉంది. వెతకడం ఊరికే చేసినవాడు దేని మీద బతకాలి? సామాను మీద మిగిలేదాంతో. అలాంటప్పుడు మూడు గంటలు వెతికి "ఏమీ మార్చక్కర్లేదు" అని చెప్పే మెకానిక్ ఇంటికి ఖాళీ జేబుతో పోతాడు. అయిదు నిమిషాలు చూసి పంపు మార్చేసినవాడు నవ్వుతూ పోతాడు. వాళ్ళలో ఎవరో దుర్మార్గులని కాదు. మనం డబ్బులిచ్చే పద్ధతి వాళ్ళని అటు తోస్తోంది.

బావకి ఇది వాళ్ళ చెరువుల భాషలోనే చెప్పాను. ఆయనది రొయ్యల సాగు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి నీళ్ళలో ఆక్సిజన్ చూస్తాడు, ఎందుకంటే ఆ వేళే అది అడుగుకి దిగుతుంది. రొయ్యలు మేత ఎంత తిన్నాయో తెలిపే చెక్ ట్రే ఎత్తి చూడకుండా మేత వెయ్యడు. మొదట్లో మందుల షాపు వాళ్ళు నీళ్ళు ఉచితంగా పరీక్ష చేస్తామంటే అక్కడికే వెళ్ళేవాడు. వెళ్ళినప్పుడల్లా ఒక మందు డబ్బా చేతిలో పట్టుకుని బయటికి వచ్చేవాడు. ఇప్పుడు డబ్బులిచ్చి వేరే చోట పరీక్ష చేయిస్తున్నాడు. "నీ చెరువుకి చేసిందే కారుకీ చెయ్యి బావా" అన్నాను. "అది వేరురా, అందులో లక్షలున్నాయి" అన్నాడు.

లక్షల మాట పక్కన పెట్టినా, మన డెల్టావాళ్ళకి కొలత విలువ ఎవరూ నేర్పక్కర్లేదు. వరద వస్తోందంటే మన రేవులో నీళ్ళు చూసి ఎవరం ఊరుకోం. "ధవళేశ్వరంలో ఎంత ఉంది?" అని అడుగుతాం. అక్కడి బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లోవాళ్ళు ఆ అంకె విని పశువుల్ని గట్టెక్కిస్తారు. మన కళ్ళకి కనపడని చోట పెట్టిన కొలబద్ద మాట నమ్ముతాం. బండి విషయానికొస్తే మాత్రం కళ్ళకి కనపడే ప్లగ్గునే నమ్ముతున్నాం. చెయ్యి దూరని సందులో ఏముందో, స్టీరింగు కింద స్కానర్ గుచ్చితే కూర్చున్న చోటే తెలుస్తున్నా సరే.

నా వాదనకి ఎదురు మాటలు లేకపోలేదు. బావ వేసిన మొదటి ప్రశ్నే గట్టిది: డబ్బులు తీసుకుని, వెతికి, ఏమీ దొరకలేదంటే? దొంగలకి ఇదో దారి అవుతుంది కదా? అవుతుంది, కాదనను. నేను చేస్తున్నదేమిటంటే, ముందే గంటకి ఇంతని మాట్లాడుకుని, ఏమేం కొలిచారో అంకెలతో కాగితం మీద రాసివ్వమంటున్నాను. గాలి 26, కూలెంట్ 20 అని రాసిస్తే తప్పు ఇంకా దొరక్కపోయినా నా డబ్బు వృథా కాలేదు. ఆ కాగితం పట్టుకుని ఇంకొకరి దగ్గరికి వెళ్ళొచ్చు.

రెండోది, మార్చి చూడటం కూడా ఒక పరీక్షే కదా అన్నది. అదీ ఒప్పుకుంటాను. సెన్సర్ పైనే ఉండి, రెండొందలకి వచ్చి, అయిదు నిమిషాల్లో మారేదైతే గంట సేపు వెతకడం దండగ. పక్క బండిది తీసి పెట్టి చూసే మెకానిక్కులు తెలివైనవాళ్ళు. కానీ విప్పడానికే గంటంబావు పట్టే చోట "మార్చి చూద్దాం" అనడం కుదరదు. అందని సామాను విషయంలోనే ముందు కొలవాలి. మనం సరిగ్గా అక్కడే కొలత మానేసి అందినదాని మీద పడుతున్నాం.

మూడోది నన్ను నిజంగా ఇరుకున పెడుతుంది. ఆటో మీద బతికే మనిషిని వెతికినందుకు అయిదొందలిమ్మంటే ఎక్కడ తెస్తాడు? దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కాకపోతే ఆ మనిషే ఇంకా ఎక్కువ నష్టపోతున్నాడు. నాకు పోయిన పదకొండు వేల అయిదొందలు అతనికి ఎన్ని రోజుల కష్టమో లెక్కేసుకోండి.

ఆ రోజు బిల్లు మీద మరో అయిదొందలు ఇవ్వబోయాను. ఆయన వద్దన్నాడు, ఆపైన మూడొందలు తీసుకున్నాడు. బిల్లు పుస్తకంలో రాయమని పట్టుబట్టాను. పెన్ను పట్టుకుని కాసేపు ఆలోచించి, అచ్చువేసిన గీతలన్నిటి కింద, ఖాళీ జాగాలో "చూసినందుకు 300" అని రాశాడు. పుచ్చిన కాలు సెన్సర్‌తో పాటు ఆ బిల్లు ఇప్పటికీ మా డాష్‌బోర్డు అరలో ఉంది.

నిన్న సాయంత్రం బావ ఫోన్ చేశాడు. ఏసీ బాగా చల్లగా వస్తోందట. "అయినా ఆరొందలు ఎక్కువేరా" అన్నాడు.

"ఎంతయితే సరిపోయేది?" అని అడిగాను.

కాసేపు మాట్లాడలేదు. తరవాత "నాలుగొందలు" అన్నాడు.